కిట్‌ఫాక్స్ క్రూజ్‌లో ఎందుకు వేడెక్కింది: రోటాక్స్ 582 మీద ఒక కేస్ స్టడీ

విమానం కిట్‌ఫాక్స్ మోడల్ 4, కిట్ తెచ్చుకుని సొంతంగా కట్టుకునే రకం. పక్కపక్కన రెండు సీట్లు, గుడ్డ చుట్టిన స్టీల్ ట్యూబు బాడీ, తోక చక్రం రకం. ఇంజన్ రోటాక్స్ 582, సీ టైపు గేర్‌బాక్స్, నిష్పత్తి 3.00, అంటే ఇంజన్ మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు. ముందు 72 అంగుళాల మూడు బ్లేడ్ల కార్బన్ ఫైబర్ ప్రొపెల్లర్. దీని పిచ్, అంటే బ్లేడ్ల కోణం, నేల మీద ఉన్నప్పుడే మార్చుకోగలం, గాల్లో కుదరదు. ఫిర్యాదు ఏమిటంటే, క్రూజ్‌లో, అంటే ఒకే ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు, 5500 ఆర్‌పీఎం దగ్గర ఈజీటీ, అంటే సిలిండర్ నుంచి బయటికొచ్చే ఎగ్జాస్ట్ గ్యాస్ ఉష్ణోగ్రత, 650 డిగ్రీల సెల్సియస్ ఎర్రగీత దాటుతోంది. దిగేటప్పుడు ఇంకా పైకి పోతోంది. టేకాఫ్‌లో, క్లైంబ్‌లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

నేను టెక్సస్‌లో ఏ అండ్ పీ లైసెన్స్ (విమానం బాడీకీ ఇంజన్‌కీ పనిచేసే అనుమతి) ఉన్న మెకానిక్‌ని. ఇళ్లలో, షెడ్లలో కట్టుకున్న చిన్న విమానాలు చాలావరకు నా చేతికి వస్తాయి. అమెరికాలో అమెచ్యూర్ బిల్ట్, అంటే ఇలా సొంతంగా కట్టుకున్న, విమానానికి ప్రతి 12 నెలలకీ కండిషన్ ఇన్‌స్పెక్షన్ జరగాలి. కట్టిన మనిషి రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుంటే తన విమానం తనే చూసుకోవచ్చు. కొనుక్కున్నవాళ్లకి ఆ సర్టిఫికెట్ రాదు, మామూలుగా ఏ అండ్ పీ మెకానిక్ సంతకం తీసుకుంటారు. ఈ కిట్‌ఫాక్స్ యజమాని మన తెనాలి వైపు మనిషి. డాలస్‌లో ఉద్యోగం, విమానం మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను.

టూ స్ట్రోక్ తెలియనివాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. 582లో రెండు సిలిండర్లు, దాదాపు 580 సీసీ, 6500 ఆర్‌పీఎం దగ్గర 65 హార్స్ పవర్. 6800 దాటనివ్వకూడదు. సిలిండర్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి, కానీ పిస్టన్ పైభాగాన్ని చల్లబరచడంలో లోపలికొచ్చే పెట్రోలు, గాలి మిశ్రమానిదీ పెద్ద పాత్రే. పిస్టన్‌కీ క్రాంక్‌కీ ఆయిల్ అందేది కూడా దానితోనే. మిశ్రమం పలచబడితే, అంటే గాలి పాళ్లు ఎక్కువై పెట్రోలు తక్కువైతే, వేడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, ఆయిల్ కూడా తగ్గుతుంది. మూడూ ఒకేసారి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఇలాంటి పొరపాటుని కొంతసేపు ఓర్చుకుంటుంది. దీనికి అంత వ్యవధి ఉండదు, పిస్టన్ పట్టేస్తుంది లేదా పైభాగం కరిగి చిల్లు పడుతుంది. అందుకే 650 దాటడాన్ని నేను చిన్న విషయంగా చూడను.

అన్న అప్పటికే చాలా చేశాడు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు బంకు మార్చాడు. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్లు రెండు సైజులు పెద్దవి వేశాడు. ఫ్యూయల్ పంపు కొత్తది బిగించాడు. ఏదీ ఫలితం ఇవ్వలేదు.

"తమ్ముడూ, ఇంక ఇంజన్ విప్పాల్సిందేనా?" అన్నాడు.

"విప్పొద్దన్నా. ముందు మీటర్ నిజం చెబుతోందో లేదో చూద్దాం."

కొలిచేవాటిని ముందు కొలవాలి

ఏ ఇంజన్ దగ్గరైనా నా మొదటి పని ఇదే. ఈజీటీ ప్రోబులు రెండూ విప్పి చూశాను. రోటాక్స్ టూ స్ట్రోక్‌లలో ప్రోబు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పోర్టు నుంచి సుమారు 100 మి.మీ. దూరంలో ఉండాలి. రెండు సిలిండర్లకీ ఆ దూరం సమానంగా ఉండాలి. ఒకటి దగ్గరగా, ఇంకొకటి దూరంగా ఉంటే ఇంజన్ ఎంత బాగున్నా అంకెలు తేడాగానే వస్తాయి. ఇక్కడ దూరాలు సరిగానే ఉన్నాయి. తర్వాత ప్రోబులని ఒకదాని స్థానంలో ఒకటి మార్చి బిగించాం. మార్చక ముందు 5500 దగ్గర పీటీఓ సిలిండర్ 638, మాగ్ సిలిండర్ 667. (గేర్‌బాక్స్ వైపు ఉన్నది పీటీఓ, రెండో చివర ఉన్నది మాగ్. కిట్‌ఫాక్స్‌లో పీటీఓ ముందు, మాగ్ వెనక.) ప్రోబులు మార్చాక కూడా ఎక్కువ వేడి మాగ్ దగ్గరే ఉండిపోయింది. అంటే ప్రోబు తప్పు కాదు, వేడి నిజమైనదే.

తర్వాత టాకోమీటర్, అంటే ఆర్‌పీఎం చూపించే మీటర్. 582లో టాకో సిగ్నల్ జనరేటర్ లైటింగ్ కాయిల్ నుంచి వస్తుంది, ఒక్క చుట్టుకి 6 పల్సులు. మీటర్ సెట్టింగ్ వేరే ఉంటే కనిపించే ఆర్‌పీఎం అబద్ధమే. విమానాన్ని తోక దగ్గర తాడుతో కట్టి, చక్రాలకి చెక్కలు పెట్టి, కాక్‌పిట్‌లో మనిషిని కూర్చోబెట్టి, ఆప్టికల్ టాకోమీటర్‌తో ప్రొపెల్లర్‌ని చూశాను. ఇందులో చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. ఆప్టికల్ మీటర్‌లో బ్లేడ్ల సంఖ్య 2 మీద ఉంచి మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్‌ని చూస్తే అంకె ఒకటిన్నర రెట్లు వస్తుంది. సరిగా పెట్టి చూస్తే, ఫుల్ థ్రాటిల్‌లో నిలబడి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ 2210 తిరుగుతోంది. 3తో గుణిస్తే ఇంజన్ 6630. ప్యానెల్ మీటర్ 6700 చూపిస్తోంది. 70 తేడా నాకు అభ్యంతరం కాదు.

అభ్యంతరం 6630 అనే అంకెతోనే. విమానం కదలకుండా నేల మీద ఉండగానే ఇంజన్ 6630 తిరుగుతోందంటే, ముందుకి వేగం వచ్చాక ప్రొపెల్లర్ మీద భారం ఇంకా తగ్గి ఆర్‌పీఎం ఇంకా పెరుగుతుంది. అన్నని అడిగాను, "లెవెల్‌లో ఎప్పుడైనా ఫుల్ థ్రాటిల్ ఇచ్చావా?"

"ఇవ్వను తమ్ముడూ. 7000 దాటిపోతుంది. ఎప్పుడూ వెనక్కి లాగే నడుపుతాను."

సగం సమస్య ఆ జవాబులోనే ఉంది.

ఒక్క అంకెని రెండు ముక్కలు చేయడం

667, 638 అనే రెండు అంకెల్ని చాలామంది ఒకే జబ్బుగా చూస్తారు. నేను వాటిని విడదీసి చూస్తాను. రెండు సిలిండర్లూ ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడిగా ఉన్నాయి, అది ఒక ప్రశ్న. మాగ్ సిలిండర్ పీటీఓ కంటే 29 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది, అది ఇంకో ప్రశ్న. ఈ ఇంజన్ పాత లాగ్‌బుక్‌లో ఆ తేడా 10 దాటిన దాఖలా లేదు.

రెండిటికీ సమానంగా తగిలే వేడికి కారణం రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదానిలో వెతకాలి: ఫ్యూయల్ పంపు, ట్యాంకు నుంచి వచ్చే లైను, పెట్రోలు, మఫ్లర్, బయటి వాతావరణం, ప్రొపెల్లర్. ఒక్క సిలిండర్‌కే తగిలే వేడికి కారణం ఆ సిలిండర్ సొంత సామానులో వెతకాలి: దాని కార్బురేటర్, జెట్లు, నీడిల్ (జెట్‌లో పైకీ కిందికీ కదిలే సూది), ఇన్‌టేక్ రబ్బరు (కార్బురేటర్‌ని ఇంజన్‌కి కలిపే సాకెట్), క్రాంక్ సీలు. అన్న కొత్త ఫ్యూయల్ పంపు బిగించినా ఈ 29 డిగ్రీల తేడా పోలేదు. పోదు కూడా, పంపు రెండు కార్బురేటర్లకీ ఒకటే కాబట్టి.

ఇంకో ఆధారం కూడా ఉంది. వేడి ఏ థ్రాటిల్ దగ్గర వస్తోంది అనేది. బింగ్ 54 కార్బురేటర్‌లో పావు థ్రాటిల్ దాకా ఐడిల్ జెట్, ఎయిర్ స్క్రూ పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా జెట్ నీడిల్, నీడిల్ జెట్. ముప్పావు దాటాకే మెయిన్ జెట్ మాట చెల్లుతుంది. మన ఫిర్యాదు మధ్య థ్రాటిల్‌లో. మెయిన్ జెట్ ఎంత పెద్దది వేసినా అక్కడ ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. పైగా ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం చిక్కబడి పవర్ తగ్గుతుంది, ప్రొపెల్లర్ పిచ్ సంగతి తేల్చుకోవడానికి చూసే స్టాటిక్ ఆర్‌పీఎం (విమానం కదలకుండా ఫుల్ థ్రాటిల్‌లో వచ్చేది) కూడా తప్పుగా వస్తుంది. అందుకని పిచ్ ముట్టుకోక ముందే మెయిన్ జెట్లని ఆ రోజు ఉష్ణోగ్రతకి రోటాక్స్ చార్టులో ఉన్న సైజుకి తిరిగి తెచ్చాను.

మాగ్ వైపు రబ్బరు

ప్లగ్గులు బీ8ఈఎస్. పీటీఓ వైపువి కాఫీ రంగులో ఉన్నాయి. మాగ్ వైపువి తెల్లబడుతున్నాయి. ఈజీటీ చెప్పిందే ప్లగ్గులూ చెప్పాయి. కార్బురేటర్లు రెండూ విప్పి ఫ్లోట్ లెవెల్, నీడిల్ క్లిప్ గాడి, నీడిల్ జెట్ రంధ్రం పోల్చి చూశాను. థ్రాటిల్ లివర్ కదిలిస్తే గాలిదారి తెరిచే రెండు స్లైడులూ ఒకే క్షణంలో లేస్తున్నాయా అని ఒక్కో వేలు పెట్టి చూశాను. తేడా ఏమీ దొరకలేదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి క్రాంక్‌కేస్‌కి కొద్దిపాటి గాలి పీడనం పెట్టి చూస్తే అదీ నిలబడింది. సీళ్లు బాగున్నాయి.

చాలామంది ఇక్కడితో గాలి లీకు లేదని తీర్మానించేస్తారు. కానీ 582లో రోటరీ వాల్వ్ ఉంది, అంటే తిరుగుతూ ఇన్‌టేక్ దారిని తెరిచి మూసే పళ్లెం. అది మూసుకున్న స్థితిలో క్రాంక్‌కేస్ పీడనం ఇన్‌టేక్ రబ్బరు దాకా చేరదు. కాబట్టి ఆ పరీక్ష పాసైనా రబ్బరు సంగతి తేలినట్టు కాదు. ఇంజన్ నడుస్తుండగా రబ్బరు చుట్టూ స్ప్రే కొట్టి ఆర్‌పీఎం మారుతుందేమో చూసే పద్ధతి ఒకటి ఉంది. కార్లకి సరే. తిరుగుతున్న ప్రొపెల్లర్ దగ్గర, వేడి ఎగ్జాస్ట్ పక్కన, మండే ద్రావకం పట్టుకుని నేను వెళ్లను, ఎవరినీ వెళ్లనివ్వను.

రబ్బరు సాకెట్‌ని ఇంజన్ మీద నుంచి విప్పి చేతిలోకి తీసుకున్నాను. పై నుంచి చూస్తే కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది. రెండు బొటనవేళ్లతో నోటి అంచుని బయటికి మడిచి, టార్చి లైటు కింద మెల్లగా తిప్పుకుంటూ వచ్చాను. అడుగు వైపు, క్లాంపు కూర్చునే గాడిలో, గోరు పొడవు గీత ఒకటి కనిపించింది. ఇంకొంచెం వంచితే గీత తెరుచుకుని లోపలి నుంచి వెలుతురు కనిపించింది. వంపు వదిలేస్తే మళ్లీ మూసుకుంది. కార్బురేటర్, దాని చివర ఎయిర్ ఫిల్టర్, రెండు బరువులూ ఈ రబ్బరు మీదే వేలాడతాయి. ఇంజన్ వణుకుతున్నప్పుడు ఆ బరువు కిందికి లాగినప్పుడల్లా గీత తెరుచుకుని, కార్బురేటర్ లెక్కలో లేని గాలి లోపలికి వెళుతోంది. ఇంజన్ ఆపి చూస్తే ఏమీ ఉండదు.

రెండు సాకెట్లూ కలిపే మార్చాను. ఒకటే మార్చడం నాకు నచ్చదు, రెండూ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. క్లాంపులు బిగించేటప్పుడు రబ్బరులోకి దిగబడేంత బిగించకుండా చూశాను. ఈ పగులు మొదలైంది క్లాంపు అంచు కోసిన చోటే. ఎయిర్ ఫిల్టర్లకి విడిగా ఆసరా పట్టీ కట్టాను.

మళ్లీ అదే 5500 దగ్గర చూస్తే పీటీఓ 637, మాగ్ 643. రెండో ప్రశ్నకి జవాబు దొరికింది. మొదటిది అలాగే ఉంది.

ప్రొపెల్లర్ కూడా ఇంజన్‌లో భాగమే

అన్న పాత ప్రొపెల్లర్ రెండు బ్లేడ్ల చెక్కది. ముందంచులు గులకరాళ్లకి, వానకి తినేశాయి. దాన్ని తీసేసి, ఒక తేలికపాటి విమానం మీద పనిచేసిన ఈ మూడు బ్లేడ్లది కొన్నాడు. అమ్మిన మనిషి తన విమానానికి పెట్టుకున్న పిచ్ ఏదైతే ఉందో దాన్నే ఉంచి అన్న బిగించేశాడు. మార్చింది అక్టోబరు చివర. ఈజీటీ పెరగడం చలి ముదిరాక గమనించాడు. అందుకే ప్రొపెల్లర్ మీద అనుమానం రాలేదు.

పిచ్ చదునుగా, అంటే కోణం తక్కువగా, ఉంటే టూ స్ట్రోక్ ఎందుకు వేడెక్కుతుందో లెక్క కట్టి చూపిస్తాను. పిచ్ మారని ప్రొపెల్లర్ తీసుకునే పవర్ దాదాపు ఆర్‌పీఎం ఘనంతో పెరుగుతుంది. సరిగా భారం పడే ప్రొపెల్లర్ ఫుల్ థ్రాటిల్‌లో నేల మీద 6200 తిప్పనిస్తుందనుకుందాం. 5500 దగ్గర అది తీసుకునే పవర్ (5500/6200) ఘనం, అంటే ఫుల్ పవర్‌లో 70 శాతం. ఇప్పుడున్నది, జెట్లు సరిచేశాక, 6700 దాకా పోనిస్తోంది. 5500 దగ్గర దీనికి కావాల్సింది (5500/6700) ఘనం, 55 శాతం. అదే ఆర్‌పీఎం, కానీ భారంలో అయిదో వంతు మాయం. భారం లేనప్పుడు 5500 నిలబెట్టడానికి పైలట్ థ్రాటిల్ వెనక్కి లాగుతాడు, స్లైడు కిందికి దిగుతుంది, నీడిల్ లావు భాగం జెట్‌లోకి దిగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ మాత్రం నిమిషానికి 5500 సార్లు కాలుతూనే ఉంటుంది. తక్కువ పెట్రోలు, ఎక్కువ చుట్లు, ఈజీటీ పైకి. దిగేటప్పుడు గాలి వేగం ప్రొపెల్లర్‌ని తిప్పడంలో తోడవుతుంది కాబట్టి భారం ఇంకా తగ్గుతుంది. అందుకే అన్నకి దిగేటప్పుడు వేడి ఇంకా పెరిగింది. టేకాఫ్‌లో స్లైడు పూర్తిగా పైన ఉండి మెయిన్ జెట్ చిక్కటి మిశ్రమం ఇస్తోంది కాబట్టి అక్కడ ఏమీ కనిపించలేదు. ఫుల్ థ్రాటిల్‌లో 7000 దాటుతుందన్న భయంతో ఆయన విమానాన్ని ఎప్పుడూ సరిగ్గా ఆ ప్రమాదకరమైన మధ్య థ్రాటిల్‌లోనే ఉంచాడు.

చలి దీనికి తోడయింది. టెక్సస్‌లో ఆగస్టులో 38 డిగ్రీలు, జనవరిలో ఉత్తరపు గాలి తిరిగిన పొద్దున 2 డిగ్రీలు ఉండటం మామూలే. అదే పీడనం దగ్గర గాలి సాంద్రత 13 శాతం పెరుగుతుంది. ఇలాంటి కార్బురేటర్‌లో గాలి సాంద్రతతో పాటు పెరుగుతుంది, పెట్రోలు సాంద్రత వర్గమూలంతోనే పెరుగుతుంది. కాబట్టి ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే మిశ్రమం 6 శాతం పలచబడుతుంది. ఇదే 582 ఇంజన్ మన దేశంలో బెంగళూరు రాజ్ హంస వాళ్ల ఎక్స్ ఎయిర్ మైక్రోలైట్ల మీద కూడా ఎగిరింది. దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, మన ఎండల్లో నడిపేవాళ్లకి కష్టం ఎక్కువగా రెండో వైపు నుంచి వస్తుంది: మిశ్రమం చిక్కబడటం, ప్లగ్గులు నల్లబడటం, పవర్ తగ్గడం.

ఈ ప్రొపెల్లర్ ఉంచాలా, తీసెయ్యాలా

పిచ్ మార్చే ముందు ఈ ప్రొపెల్లర్ అసలు ఈ విమానానికి తగినదేనా అని చూశాను. బ్లేడ్లెన్ని, రంగేమిటి అన్నవాటి కంటే ముందు చూడాల్సింది వ్యాసం. నెమ్మదిగా ఎగిరే విమానానికి పొడవాటి ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగడం మేలు. 72 అంగుళాలు అంటే 1.83 మీటర్లు. ఇంజన్ 6500 తిరిగితే ప్రొపెల్లర్ 2167, బ్లేడు చివర వేగం సెకనుకి సుమారు 207 మీటర్లు. ధ్వని వేగం 340 అనుకుంటే అందులో 0.6 వంతు. చాలా సౌకర్యమైన చోటు. పోల్చి చూడాలంటే, గేర్‌బాక్స్ లేని ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్ 3400 దగ్గర 60 అంగుళాల ప్రొపెల్లర్ తిప్పితే చివర వేగం 270 దాటుతుంది, ధ్వని వేగంలో 0.8 వంతు. అక్కడ పవర్ శబ్దంగా వృథా అవడం మొదలవుతుంది. గేర్‌బాక్స్ బరువు మోయడానికి కారణం ఇదే.

నేలకి ఎడం కూడా చూడాలి. తోక ఎత్తి బాడీని సమంగా నిలబెట్టి కొలవాలి. 2017 దాకా అమెరికా సర్టిఫైడ్ విమానాల నిబంధనలో తోక చక్రం రకానికి 9 అంగుళాలు, ముక్కు చక్రం రకానికి 7 అంగుళాలు ఉండాలని ఉండేది. ఇంట్లో కట్టినవాటికి ఆ నిబంధన వర్తించేది కాదు, కానీ నేను దాన్నే పాటిస్తాను. ఇక్కడ చాలినంత ఉంది.

ఎక్కువమంది పట్టించుకోనిది ఇనర్షియా, అంటే తిరుగుడు వేగం మార్చబోతే ప్రొపెల్లర్ బరువు ఇచ్చే ఎదురు. బరువైన బ్లేడ్లని ఇంజన్ ప్రతి పేలుడుకీ కుదిపి తిప్పాలి, ఆ కుదుపంతా గేర్‌బాక్స్ పళ్లు తింటాయి. సీ గేర్‌బాక్స్‌కి రోటాక్స్ పెట్టిన హద్దు 6000 కిలో చదరపు సెంటీమీటర్లు. బీ గేర్‌బాక్స్‌కి హద్దు దీనికంటే బాగా తక్కువ. కొలవడం కష్టం కాదు. ప్రొపెల్లర్‌ని హ్యాంగర్ దూలానికి మూడు సమానమైన తాళ్లతో అడ్డంగా వేలాడదీశాం, ఒక్కో బ్లేడుకి ఒక తాడు, కేంద్రం నుంచి 25 సెం.మీ. దూరంలో. తాడు పొడవు 2 మీటర్లు, ప్రొపెల్లర్ బరువు 5.5 కిలోలు. కొంచెం మెలిపెట్టి వదిలితే అటూ ఇటూ 10 సార్లు తిరగడానికి 33.5 సెకన్లు పట్టింది. బరువు, గురుత్వం, తాడు దూరం వర్గం, ఒక్క ఊపు సమయం వర్గం, వీటిని గుణించి, π (3.14) వర్గానికి 4 రెట్లని తాడు పొడవుతో గుణించి దాంతో భాగిస్తే 0.48 కిలో చదరపు మీటర్లు, అంటే 4800 వచ్చింది. సీ గేర్‌బాక్స్‌కి సరిపోతుంది. ఐడిల్ మాత్రం 2000 కంటే కిందికి దిగనివ్వకూడదు, దిగితే గేర్‌బాక్స్ కటకటలాడుతుంది.

మూడు బ్లేడ్లు అవసరమా అంటే, నా అభిప్రాయంలో వ్యాసం పెంచుకోవడానికి చోటు ఉన్న విమానానికి రెండు బ్లేడ్లు చాలు. చోటు లేనప్పుడు, లేదా వణుకు తగ్గాలనుకున్నప్పుడు మూడోది. చెక్క ప్రొపెల్లర్ తేలిక, వణుకుని తనలోకి తీసుకుంటుంది, గేర్‌బాక్స్‌కి సుఖం. కానీ పిచ్ మార్చలేం, పైగా గాలిలో తేమ మారినప్పుడల్లా చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, బోల్టుల టార్క్ మళ్లీ మళ్లీ చూడాలి. గాల్లోనే పిచ్ మార్చే రకాన్ని 582కి నేను సిఫారసు చెయ్యను. ఫుల్ థ్రాటిల్‌లో పైలట్ పొరపాటున పిచ్ ఎక్కువ ఇచ్చేస్తే ఇంజన్ భారం కింద నలుగుతుంది, ఈజీటీ మీటర్ మాత్రం చల్లగా చూపిస్తుంది. ఇన్ని చూశాక, కొనేశాం కాబట్టి, హద్దుల్లోనే ఉంది కాబట్టి, ఈ మూడు బ్లేడ్లదాన్నే ఉంచాం.

పిచ్ పెట్టడం

ఎంత పిచ్ కావాలో ముందు కాగితం మీద అంచనా వేశాం. క్రూజ్ గంటకి 80 మైళ్లు, అంటే సెకనుకి 35.8 మీటర్లు. ఇంజన్ 5800 అయితే ప్రొపెల్లర్ నిమిషానికి 1933, సెకనుకి 32.2 చుట్లు. ఒక్క చుట్టుకి విమానం 1.11 మీటర్లు ముందుకెళ్తుంది. బ్లేడు పొడవులో ముప్పావు దగ్గర చుట్టుకొలత 4.31 మీటర్లు. ఈ రెండిటి నిష్పత్తికి కోణం 14 డిగ్రీల పైచిలుకు. బ్లేడు గాలిని కరవడానికి ఇంకో రెండు మూడు డిగ్రీలు కలిపితే 17 దగ్గర. అన్న ప్రొపెల్లర్ ముప్పావు దగ్గర 15 ఉంది.

చేతులు పెట్టేముందు ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆపి, ప్లగ్ క్యాపులు నాలుగూ పీకేశాను. ఈ ఇంజన్‌లో స్విచ్ ఆపడమంటే కిల్ వైరుని గ్రౌండ్ చెయ్యడం. ఆ వైరు తెగి ఉంటే స్విచ్ ఆపినా స్పార్క్ వస్తుంది, చేత్తో ప్రొపెల్లర్ తిప్పితే ఇంజన్ అందుకోవచ్చు. స్విచ్‌ని నమ్మి ప్రొపెల్లర్ పట్టుకోవడం నేను ఎప్పుడూ చెయ్యను.

హబ్ బోల్టులు కొద్దిగా వదులు చేసి, బ్లేడుని సమంగా అడ్డంగా నిలిపి, డిజిటల్ ప్రొట్రాక్టర్ ముప్పావు గుర్తు దగ్గర ఆనించి, రబ్బరు సుత్తితో తడుతూ 17కి తెచ్చాను. బోల్టులు బిగిస్తుంటే బ్లేడు మళ్లీ కదులుతుంది. 17.0 పెట్టిన బ్లేడు బిగింపు అయ్యేసరికి 17.3 అవుతుంది. అందుకని కొంచెం తక్కువకి పెట్టి, బోల్టుల్ని ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతి వరసకీ మళ్లీ కొలుస్తూ పోవాలి. మూడు బ్లేడ్ల మధ్య తేడా 0.2 డిగ్రీల్లోకి వచ్చేదాకా వదల్లేదు. తర్వాత ట్రాకింగ్: బ్లేడు చివర పక్కన ఒక స్టాండు పెట్టి, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ మూడు చివరలూ ఒకే గీత మీద నడుస్తున్నాయా అని చూశాం. 3 మి.మీ. లోపే ఉంది.

స్టాటిక్ ఆర్‌పీఎం 6700 నుంచి 6180కి దిగింది. రెండు డిగ్రీలకి దాదాపు 500. గాల్లో లెవెల్ ఫుల్ థ్రాటిల్ 6550, హద్దు లోపల. 5500 దగ్గర ఈజీటీ పీటీఓ 598, మాగ్ 604. కూలెంట్ 70. ఇదివరకు 5500 దగ్గర 70 మైళ్లు వచ్చేది, ఇప్పుడు 78 వస్తోంది. క్లైంబ్‌లో తేడా చెప్పుకోదగ్గది కాదు. నీడిల్ క్లిప్ మార్చాల్సిన అవసరం రాలేదు, ఫ్యాక్టరీ గాడిలోనే ఉంచాను.

ఈ అంకెలు చూసి అన్న అడిగిన ప్రశ్న చాలామందికి వచ్చేదే: "ఇంకో డిగ్రీ పెంచితే ఈజీటీ ఇంకా తగ్గుతుంది కదా?"

తగ్గుతుంది. మీటర్ మీద తగ్గుతుంది. పిచ్ పెంచుకుంటూ పోతే ఇంజన్ 5800 దగ్గర ఆగిపోతుంది, పవర్ బ్యాండు దాకా చేరదు. ఎగ్జాస్ట్ చల్లగా కనిపిస్తుంది, ఆ వేడంతా పిస్టన్‌లోకి, సిలిండర్ హెడ్‌లోకి పోతుంది. కూలెంట్ ఉష్ణోగ్రత పెరుగుతుంది, డిటొనేషన్, అంటే మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం, మొదలవుతుంది. అలా పట్టేసిన ఇంజన్ల లాగ్‌బుక్కులు తెరిస్తే చివరి పేజీ దాకా ఈజీటీ అందంగా ఉంటుంది. పిచ్‌ని ఆర్‌పీఎం చూసి పెట్టాలి. ఈజీటీ సంగతి ఆ తర్వాత జెట్లతో, నీడిల్‌తో తేల్చాలి. ఈ వరస తిరగేస్తే ఒక ప్రమాదాన్ని ఇంకో ప్రమాదంతో మార్చుకున్నట్టే.

కాగితాలు, తర్వాతి పని

ప్రొపెల్లర్ మార్చడం చాలా విమానాల ఆపరేటింగ్ లిమిటేషన్స్ (విమానానికి ఇచ్చే ఎగిరే షరతులు) ప్రకారం పెద్ద మార్పు కిందికి వస్తుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ప్రాంతీయ కార్యాలయానికి తెలియజేసి, విమానాన్ని మళ్లీ ఫేజ్ 1 పరీక్షల్లో (కొత్త విమానానికి మొదట చేసే ఎగురుడు పరీక్షల్లో) పెట్టి, కనీసం 5 గంటలు ఒంటరిగా ఎగిరి, లాగ్‌బుక్‌లో రాయాలి. అన్న అక్టోబరులో ఆ పని చెయ్యలేదు. ఇప్పుడు చేశాడు. ఆ అయిదు గంటల్లో ప్రతి ఎగురుడుకీ బయటి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, రెండు ఈజీటీలు, కూలెంట్, వేగం ఒక కాగితం మీద రాయించాను. మొదటి ఎగురుడు తర్వాత ప్రొపెల్లర్ బోల్టుల టార్క్ మళ్లీ చూశాం. రెండు బోల్టులు కొంచెం కదిలాయి, కార్బన్ బ్లేడ్లు హబ్‌లో కుదురుకునేటప్పుడు అలా జరుగుతుంది.

రబ్బరు సాకెట్లని 50 గంటలకోసారి, కార్బన్ గీకడానికి విప్పినప్పుడు, బొటనవేళ్లతో మడిచి చూడాలని చెక్‌లిస్టులో రాశాను. మార్చి దాటి ఎండలు మొదలయ్యాక మెయిన్ జెట్ చార్టు ప్రకారం చిన్నది వెయ్యాలి. పిచ్ మాత్రం కదపక్కర్లేదు. గాలి పలచబడితే ఇంజన్ పవర్ ఎంత తగ్గుతుందో ప్రొపెల్లర్ మీద భారం కూడా దాదాపు అంతే తగ్గుతుంది కాబట్టి స్టాటిక్ ఆర్‌పీఎం 6180 దగ్గరే ఉండాలి. ఒకవేళ జూలైలో అది 100 కంటే ఎక్కువ మారితే మొదట టాకోమీటర్, తర్వాత బ్లేడ్ కోణాలు చూడమని చెప్పాను.